ఘాటు రాని దిష్టి

మిరపకాయలు మాడాయి. ఎవరూ దగ్గలేదు.

వసారాలో కుంపటి చుట్టూ నిలబడినవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. సరిహద్దులో ఉన్న కొడుక్కి ఇక్కడ కూర్చుని దిష్టి తీయాలంటే అతని ఫొటో ఉండాలి, ఒంటిమీద తొడిగి విడిచిన చొక్కా ఉండాలి. ఆ రెండింటి చుట్టూ పిడికెడు ఎండు మిరపకాయలూ రాళ్ళ ఉప్పూ తిప్పి, రాఘవమ్మ తన చేత్తోనే నిప్పుల మీద పోసింది. ఉప్పు చిటపటలాడింది. కాయలు నల్లబడి ముడుచుకుపోయాయి. పొగ లేచి పైకప్పుకేసి పోయింది. అంతే. ముక్కు మండలేదు, గొంతు పట్టలేదు, ఒక్కరి కంట్లో నీళ్ళు తిరగలేదు.

ప్రత్తిపాడు చుట్టుపక్కల పుట్టిన ఏ ఆడమనిషికైనా దీని అర్థం ఒకరు చెప్పనక్కర్లేదు. మిరపకాయ మాడితే పక్కింట్లోవాళ్ళు కూడా తుమ్మాలి. ఘాటు రాలేదంటే పీకలదాకా దిష్టి ఉన్నట్టే.

"చూశారుగా," అంది రాఘవమ్మ.

గొంతు పెంచలేదు. అత్తగారు కేకలేస్తే మాధురికి అలవాటే, ఒక చెవిన విని ఊరుకునేది. ఈ నెమ్మదికే ఆమె భయపడింది.

"ఎక్కడో ఉన్నవాళ్ళ చూపు కాదిది. నా తిండి తింటా, నా ఇంట్లో పడుకుంటా ఉన్నవాళ్ళది."

పేరు ఎత్తలేదు. ఎత్తాల్సిన పనీ లేదు. పత్తి గది గుమ్మంలో తలుపు పట్టుకుని నిలబడిన నజీరా, ఆ మాట పూర్తవకముందే లోపలికి వెళ్ళిపోయింది.

యుద్ధం మొదలైన దగ్గర్నుంచి సరిహద్దులో ఉన్న రాము ఫోను లేదు. టీవీలో మాత్రం రోజంతా ఒకటే అరుపులు. మామగారు బాపయ్య విసిగిపోయి దాని వైరు పీకి పారేశాడు. అయినా యుద్ధం ఊళ్ళోకి రాకుండా ఆగిందా? సెల్‌ఫోన్లలో వచ్చింది. టీ బంకుల దగ్గరికి వచ్చింది. చివరికి గౌస్ బాషా దూది మిషను షెడ్డు మీదికి వచ్చింది.

పోయిన వారం ఆ షెడ్డు కాలింది. కాలిందనే అంటున్నారు అందరూ. కాల్చారని అన్నవాడు ఇంతవరకూ లేడు. ఊళ్ళో సగం ఇళ్ళ పరుపులూ దిండ్లూ గౌస్ బాషా చేతుల మీదుగా వచ్చినవే. ఆయన ఏకిన దూది మీద పడుకుని పెరిగిన పిల్లలే ఆయన్ని సెంటర్లో మోకాళ్ళ మీద కూర్చోబెట్టి, సెల్‌ఫోన్లు పైకెత్తి, దేశానికి క్షమాపణ చెప్పమన్నారు. దేనికని ఆయన అడిగాడు. అడగడమే తప్పయిపోయింది. ఆ సాయంత్రమే షెడ్డు అంటుకుంది. మంటల్లోంచి మిషను లాగబోయి చేతులు కాల్చుకుని, ఇప్పుడు గుంటూరు ఆసుపత్రిలో కట్లతో పడి ఉన్నాడు. పక్కన భార్య. కూతురు నజీరా ఒక్కతీ మిగిలితే, మాధురి వెళ్ళి చెయ్యి పట్టుకుని తన ఇంటికి తీసుకొచ్చింది.

ఆ రోజు రాఘవమ్మ కాదనలేదు. బాపయ్య అయితే వీధిలోకి వినపడేలా చెప్పాడు, ఇది సైనికుడి ఇల్లు, ఈ గడప ఎవడు దాటొస్తాడో చూస్తానని. ఎవడూ దాటలేదు. ఊరు మొత్తం మీద ఆ పిల్లకి నిలువ నీడ ఇదొక్కటే. అది కూడా రాఘవమ్మ ఉండమన్నంతకాలమే.

ఇప్పుడు ఆవిడ తలతిప్పి మెట్ల వైపు చూసింది.

"అబ్బాయ్ లక్ష్మీకాంత్, ఆటో మాట్లాడతానన్నావుగా. మాట్లాడు."

లక్ష్మీకాంత్ బాపయ్య అన్న కొడుకు. సైన్యంలో చేరతానని ఏళ్ళ తరబడి పరుగులు పెట్టి, సెలక్షను రాక తిరిగొచ్చాడు. అక్కడ నిలబడే యోగం లేకపోయేసరికి ఊళ్ళోనే ఒక సరిహద్దు గీసుకున్నాడు. పొద్దుటి నుంచీ మెట్టు మీద కూర్చుని ఈ మాట కోసమే చూస్తున్నాడు. ఎంతో మర్యాదగా లేచాడు. ఆ పిల్లకి ఏ ఇబ్బందీ ఉండదన్నాడు. నేరుగా ఆసుపత్రికి తీసుకెళ్ళి తల్లిదండ్రుల దగ్గర దింపుతానన్నాడు.

మాధురి గేటు బయటికి చూసింది. బైకుల మీద కూర్చున్న కుర్రాళ్ళలో ఒకడు సెల్‌ఫోను కెమెరా అద్దాన్ని చొక్కా అంచుతో తుడుచుకుంటున్నాడు.

"మామయ్యా," అంది.

బాపయ్య నిప్పులకేసి చూస్తూ ఉండిపోయాడు. గడప దాటొచ్చేవాణ్ణి ఆపడం ఆయనకి తెలుసు. గడప లోపల భార్యని ఆపడం ఆయనకి పెళ్ళయిన నాటి నుంచీ తెలియదు.

మాధురికి ఇంకేం తోచలేదు. అన్నం తిని వెళ్తుందని చెప్పింది. ఎంత కోపం ఉన్నా ఆ ఇంటి నుంచి మనిషి ఆకలితో వెళ్ళిందన్న మాట రాఘవమ్మ ఏనాడూ పడలేదు.

"తిననీ. తిని వెళ్ళనీ."

*

పత్తి గది ఉడికిపోతోంది. ఈ ఏడు ధర పలకలేదని అమ్మకుండా పోసిన పత్తి గోడల మీదికి ఎగబాకి, కిటికీని సగం మూసేసింది. ఆ పత్తి పక్కనే చాప వేసుకుని ఇన్నాళ్ళూ పడుకుంది నజీరా. ఇప్పుడు తన రెండు జతల బట్టలూ గుడ్డ సంచిలో సర్దుకుంటోంది. జుట్టు నిండా దూది పింజలు. చిన్నప్పటి నుంచీ అంతే, దులిపినా పోవు.

మాధురి కంచం ముందు పెట్టింది.

"వద్దక్కా. గొంతు దిగదు."

"తినకపోయినా కంచం ముందు కూర్చో. నువ్వు తింటున్నంతసేపూ వాళ్ళు ఆగుతారు."

"అయితే ఎల్లుండిదాకా తింటా," అంది నజీరా. నవ్వబోయింది. నవ్వు రాలేదు.

వీళ్ళిద్దరికీ స్నేహం కుదురుతుందని ఎవరైనా అనుకుంటారా! మాధురి ఒంగోలు నుంచి కొత్తకోడలిగా వచ్చిన నెల్లోనే ఇద్దరూ గోడకి చెరోవైపు నిలబడి తిట్టుకున్నారు. షెడ్డులోంచి ఎగిరొచ్చిన దూది, మాధురి ఆరేసిన చీరలన్నిటికీ అంటుకుంది. దూది అంటని చీరలు కావాలంటే ప్లాస్టిక్‌వి కట్టుకోండి అంది నజీరా. పొగరుబోతు పిల్ల అనుకుంది మాధురి. ఒంగోలు టెక్కు అనుకుంది నజీరా. ఆ తర్వాత ఎదురుపడితే చెరోవైపు చూసుకునేవాళ్ళు.

రాము సెలవు అయిపోయి వెళ్ళాక, దిండు గట్టిపడిందని రాఘవమ్మ దాన్ని ఏకించుకు రమ్మంది. నజీరా కుట్టు విప్పింది. లోపల దూది ఒకేచోట ఉండకట్టి, రాయిలా ఉంది. ఆ ఉండని చేతిలో పట్టుకుని కాసేపు చూసి, పక్కన పడేసింది. ఏమీ అడగలేదు. కొత్త దూది నింపి, కుట్టేసి, దిండు చేతికిస్తూ మాత్రం చెప్పింది.

"ఏడవాలనిపిస్తే ఇక్కడికి రండి. మిషను మోతలో ఎవరికీ వినపడదు."

అదీ మొదలు. ఆ తర్వాత మాధురి ఏడవడానికి వెళ్ళింది, నవ్వడానికి వెళ్ళింది, చివరికి మొగుడితో మాట్లాడటానికి కూడా అక్కడికే వెళ్ళింది.

ఎందుకంటే బాపయ్య ఇంట్లో ఫోనంటే రాఘవమ్మ ఫోనే. కోడలు పుట్టింటి నుంచి తెచ్చుకున్న ఫోను కొత్తల్లోనే అత్తగారి బీరువాలోకి వెళ్ళిపోయింది. కొడుకు ఫోను చేస్తే స్పీకరు పెట్టి మంచం మీద పెట్టేది, అందరూ చుట్టూ చేరేవాళ్ళు. వాడి గొంతు ఇంటిల్లిపాదీ వినాలి అనేది ఆవిడ. అందులో చెడ్డ బుద్ధి ఏమీ లేదు, ప్రేమే. కాకపోతే ఆ ప్రేమ మధ్యలో మొగుడూ పెళ్ళాలు బాగున్నావా, బాగున్నాను అనుకోవడంతో సరిపోయేది. అందుకని మాధురి నజీరా నంబరు రాముకి ఇచ్చింది. మధ్యాహ్నాలు ఫోను మోగితే నజీరా మిషను ఆపేసి, గుమ్మంలో కాపలా కూర్చునేది.

అదే ఇప్పుడు మెడకి చుట్టుకుంది. నజీరా ఫోన్లో రాము పేరు మోగుతుంటే ఎవరో చూశారు. ఆ పిల్ల హైదరాబాదులో మేనత్త ఇంట కుట్టుపని చేసి వచ్చింది కాబట్టి హిందీ వచ్చు, పరుపుల గుడ్డ పంపేవాళ్ళతో ఆ భాషలోనే మాట్లాడుతుంది. సైనికుడి నంబరు ఉంది, హిందీ మాట్లాడుతుంది. ఇంకేం కావాలి లక్ష్మీకాంత్‌కి? రాము ఎక్కడున్నాడో శత్రువుకి చేరవేస్తోందన్నాడు. తండ్రిని మోకాళ్ళ మీద కూర్చోబెట్టిన రోజే ఆ పిల్లనీ సెంటర్లో అందరి ముందూ నిలబెట్టి అడిగాడు, రాము నంబరు నీ దగ్గర ఉందా లేదా అని.

నజీరా వాడి కళ్ళలోకి సూటిగా చూసింది. రెప్ప వేయలేదు. లేదు అంది.

గుంపు చివర మాధురి నిలబడే ఉంది. నేనిచ్చాను అన్న ఒక్క మాట గొంతులోంచి పైకి రాలేదు. ఆ మాట ఆ రోజే అని ఉంటే షెడ్డు కాలి ఉండేదా? గౌస్ బాషా చేతులు కాలి ఉండేవా? అప్పటి నుంచీ అన్నం ముద్ద నోట్లో పెట్టుకున్నప్పుడల్లా ఇదే గుర్తొస్తోంది మాధురికి.

"నేను చెప్పేస్తాను నజీరా. నంబరు సంగతి."

"చెప్పి ఏం చేస్తావ్?" నజీరా సంచి ముడి బిగించింది. "కొడుకు తనకి చాటుగా నీతో మాట్లాడాడని తెలిస్తే మీ అత్త నీ మొహం చూస్తదా? నేనెట్టాగూ పోయేదాన్ని. నువ్వు ఈ ఇంట్లో బతకాల్సినదానివి."

"నిన్ను ఆసుపత్రికి తీసుకెళ్ళరు వాళ్ళు."

"తెలుసు."

వీధిలో ఆటో వచ్చి ఆగిన చప్పుడు. నజీరా లేచి, తలుపు పక్కన బస్తాకి ఆనించి ఉన్న చెప్పుల కోసం వంగింది. వంగిన మనిషి అలాగే ఉండిపోయింది.

"అక్కా. వంటింట్లో మిరపకాయల డబ్బా నింపమన్నావుగా నన్ను. నేను ఈ బస్తాలోవి తీసిపోశాను."

మాధురి బస్తా మూతి లాగి చూసింది. పొడుగ్గా, ముడతలు ముడతలుగా, చిక్కటి ఎరుపు. బ్యాడిగి. ఈ ఏడే మొదటిసారి బాపయ్య ఒక ఎకరంలో వేశాడు. రంగు కోసం కొనుక్కుపోయే రకం, కారం అంతంతమాత్రం. ఇంట్లో వాడే తేజ రకం అటక మీద ఉంది. ఒక కాయ విరిచి నాలిక మీద పెట్టుకుంది. ఎండు ఆకు నమిలినట్టుంది.

"ఘాటు రాకపోవడం దిష్టి వల్ల కాదు!"

నజీరా మొహంలో సంతోషం లేదు. రంగు పోయింది.

"నేను పోశానని చెప్పొద్దక్కా. దిష్టి పోకుండా కావాలనే పోసిందంటారు."

మాధురి గుప్పెడు కాయలు కొంగులో వేసుకుని లేచింది.

*

వసారాలోకి వెళ్ళి, కొంగులో కాయలు అత్తగారి ముందు పీట మీద పోసింది. డబ్బాలో కాయలు ఇవేననీ, ఇవి బ్యాడిగి అనీ చెప్పింది.

రాఘవమ్మ ఒక కాయ చేతిలోకి తీసుకుంది. పెళ్ళయి వచ్చిన దగ్గర్నుంచి మిరప కల్లాల్లో కూర్చుని తొడిమలు తీసిన మనిషి. చూడగానే రకం చెప్పగలదు. కానీ దిష్టి తీసేటప్పుడు చేతిలోకి చూడకూడదు, నోరు మెదపకూడదు. ఆ నియమం ప్రకారమే మొహం పక్కకి తిప్పుకుని తీసింది. పైగా మనసంతా కొడుకు మీదే.

బాపయ్య మొదటిసారి కదిలాడు. వచ్చి ఒక కాయ తీసుకుని, గింజలతో సహా నోట్లో వేసుకుని నిదానంగా నమిలాడు. అందరూ ఆయన మొహం చూస్తున్నారు. చెమట పట్టలేదు, మంచినీళ్ళు అడగలేదు.

"బ్యాడిగే," అన్నాడు.

"ఎవరే డబ్బాలో పోసింది?" రాఘవమ్మ అడిగింది.

పత్తి గది గుమ్మంలో నజీరా నోరు తెరవబోయింది.

"నేనే అత్తయ్యా. చూసుకోలేదు."

మాధురికి అబద్ధం ఆడటం చేతకాదు. ఆడుతూ తన కాలి వేళ్ళకేసి చూసుకుంది. రాఘవమ్మ కోడల్ని ఎగాదిగా చూసింది. ఒంగోలు పిల్లకి బ్యాడిగికీ తేజకీ తేడా తెలియకపోవడం ఆవిడకి నమ్మబుద్ధయ్యే విషయమే. డిగ్రీ చదివి ఏం లాభమని ఓ నాలుగు మాటలు అంది. ఆ తిట్లు వింటుంటే మాధురికి ప్రాణం లేచొచ్చింది.

అటక మీంచి తేజ దించారు. రాఘవమ్మ నిప్పులు ఎగదోసి, మళ్ళీ ఫొటో ముందు కూర్చుంది. ఈసారి కాయల్ని ఒకటికి రెండుసార్లు చూసుకుని మరీ పిడికిట్లోకి తీసుకుంది. తర్వాత మొహం తిప్పుకుంది. చొక్కా చుట్టూ తిప్పింది. నిప్పుల్లో పోసింది.

పొగ పైకప్పుదాకా పోనేలేదు. ముందు బాపయ్య దగ్గాడు. తర్వాత మాధురి. లక్ష్మీకాంత్ తుమ్మి, కళ్ళు నులుముకుని, ఆ చేతికి అటక మీంచి తేజ దించినప్పటి కారం అంటి ఉండటంతో ఇంకా మండి, గోడ పట్టుకుని నిలబడ్డాడు. గేటు బయట కుర్రాళ్ళు కూడా దగ్గుతున్నారు. రాఘవమ్మ దగ్గుతూ, ముక్కు చీదుకుంటూ, కళ్ళ వెంట ధారగా నీళ్ళు కారుతుంటే నవ్వుతోంది.

"ఇదీ ఘాటంటే! నా కొడుక్కి ఏ దిష్టీ లేదు. ఏ పీడా లేదు."

కొంగుతో మొహం తుడుచుకుని, గుమ్మం వైపు చూడకుండానే అంది. "ఆటో పంపించేయరా. ఆ పిల్ల ఉంటది."

నజీరా తలుపుకి ఆనుకుని కిందికి జారి కూర్చుంది.

అక్కడితో అయిపోతే ఎంత బాగుండేది. లక్ష్మీకాంత్ అందరి ముందూ దగ్గి దగ్గి ఓడిపోయాడు. ఓడిన మగాడు ఊరికే పోతాడా? మెట్టు మీంచి కదల్లేదు. మరి ఫోను సంగతేంటి పిన్నీ అన్నాడు. నంబరు లేదంది కదా, లేకపోతే ఫోను తెచ్చి చూపించమను, నేనే తప్పని ఒప్పుకుని వెళ్ళిపోతానన్నాడు.

అందులో కాదనడానికి ఏముంది? రాఘవమ్మకీ న్యాయంగానే అనిపించింది. ఫోను తెమ్మంది.

నజీరా మాధురి వైపు చూడలేదు. లేచి లోపలికి వెళ్ళింది. షెడ్డు కాలిన రోజు నుంచీ ఆ ఫోను ఆపేసి పత్తి అడుగున దాచి ఉంది. భుజందాకా చెయ్యి పెట్టి లాగి, దూది అంటుకున్న ఫోనుని తెచ్చి లక్ష్మీకాంత్ చేతిలో పెట్టింది. తాళం అంకెలు కూడా చెప్పింది. నీ చేతనైంది చేసుకో అన్నట్టు.

తెర వెలిగింది. మరుక్షణం నుంచీ టింగు టింగుమని ఒకదాని మీద ఒకటి వచ్చి పడ్డాయి, ఫోను ఆపి ఉన్నప్పుడు వచ్చిన కాల్స్ తాలూకు మెసేజులు. అన్నీ ఒకే నంబరు నుంచి. పేరు లేని నంబరు. లక్ష్మీకాంత్ వాటిని పట్టించుకోలేదు. వాడు వెతుకుతున్నది వేరు. వేలితో పైకీ కిందికీ తోసి, ఒకచోట ఆపి, ఫోనుని రాఘవమ్మ కళ్ళ ముందు పెట్టాడు.

"రామన్న అని ఉంది, చూడు పిన్నీ. ఊరందరి ముందూ లేదని చెప్పింది ఇది."

రాఘవమ్మ ఆ తెరకేసి చూసింది. తర్వాత నజీరాకేసి చూసింది. ఇందాకటి నవ్వు ఆవిడ మొహంలో ఎక్కడా లేదు.

"నేనే చెప్తా పెద్దమ్మా," అని నజీరా మొదలెట్టింది. ఏదో ఒక అబద్ధం సిద్ధం చేసుకునే ఉంటుంది.

"దాన్నేం అడగొద్దు." మాధురి వచ్చి మధ్యలో నిలబడింది. "ఆ నంబరు నేనిచ్చాను. ఆయన ఫోను చేసేది నాకు. మధ్యాహ్నాలు దిండ్లు కుట్టించుకొస్తానని వెళ్ళి, ఆయనతో మాట్లాడేదాన్ని. నా కాపురంలో గొడవ రాకూడదని ఇది సెంటర్లో లేదంది. నేను పక్కనే ఉండి నోరు మూసుకున్నాను. వాళ్ళ నాన్న చేతులు కాలింది నా మూలంగా."

నిప్పుల్లో మిగిలిన గింజ ఒకటి చిట్లింది.

రాఘవమ్మ కోపంగా ఉంటుందనుకుంది మాధురి. లేదు. ఆవిడ మొహం చిన్నపిల్ల మొహంలా అయిపోయింది.

"నా ముందు మాట్లాడకూడనివి ఏముంటయ్యే వాడికి?"

దానికి జవాబు ప్రతి పెళ్ళానికీ తెలుసు.

అప్పుడే లక్ష్మీకాంత్ చేతిలో ఫోను మోగింది. ఇందాకటి పేరు లేని నంబరే.

వాడు స్పీకరు నొక్కి హలో అన్నాడు. అటునుంచి ఎవరో మగ గొంతు, హిందీలో, గడగడా. మధ్యలో రాము అన్న పేరు వినపడింది. లక్ష్మీకాంత్ హా హా అన్నాడు, ఇంకో హా అన్నాడు, తర్వాత ఏమనాలో తెలియక ఫోనుకేసి చూస్తూ నిలబడ్డాడు. ఇన్నాళ్ళుగా హిందీ మాట్లాడితేనే ద్రోహి అని ఊరంతా తిరిగి చెప్పినవాడికి, ఆ భాషలో పట్టుమని పది మాటలు రావు. మాధురికి బళ్ళో చదివిన హిందీ ఆ వేగానికి అందలేదు. భాభీ, అంటే వదిన, అన్న మాట మాత్రం పట్టుకోగలిగింది.

రాఘవమ్మ వాడి చేతిలోంచి ఫోను లాక్కుంది. ఎవరు బాబూ, నా కొడుకెట్లా ఉన్నాడు బాబూ అని తెలుగులో అరిచింది. ఆ గొంతు ఆగిపోయింది. కాసేపు గాలి చప్పుడు మాత్రం వినిపించింది.

రాఘవమ్మ గబగబా నడిచి నజీరా దగ్గరికి వెళ్ళి, ఫోను ఆమె చేతిలో కుక్కింది.

"నువ్వు మాట్లాడవే. నీకొచ్చుగా ఆ భాష. నువ్వు మాట్లాడు తల్లీ."

నజీరా స్పీకరు తీసేసి ఫోను చెవికి ఆనించుకుంది. హిందీలో మెల్లగా ఏదో అంది. తను భాభీని కాదని చెప్పినట్టు లేదు. అవతలి మనిషి చెప్తున్నాడు, ఈమె వింటోంది. మధ్యలో జీ అంటోంది. చాలాసేపు విన్నది. ఆమె ఎడమ చెయ్యి, తన జుట్టులోని దూది పింజని ఒక్కొక్క పోగుగా లాగుతోంది. మాధురి ఆ చేతినే చూస్తోంది. ఒకచోట ఆ చెయ్యి ఆగిపోయింది.

చివరికి మాజీకో, అంటే అమ్మకి, అని ఏదో అడిగింది. అవతలినుంచి ఒక చిన్న మాట వచ్చింది. ఫోను దించింది.

"ఏమన్నాడే? చెప్పు. చెప్పవే."

నజీరా రాఘవమ్మ కళ్ళలోకి సూటిగా చూసింది.

"ప్రాణానికేం లేదంట పెద్దమ్మా. చేతికి దెబ్బ తగిలితే ఆసుపత్రిలో పెట్టారంట. అక్కడ ఫోన్లు ఇవ్వరంట, అందుకే చెయ్యలేదంట. స్నేహితుడంట ఈయన. అమ్మని దిగులు పడొద్దని చెప్పమన్నాడంట రామన్న."

రాఘవమ్మ ఒక్క అరుపు అరిచి ఆ పిల్లని రెండు చేతులా చుట్టేసుకుంది. నా తల్లే, నా బంగారమే అని వీపు నిమిరింది, తల నిమిరింది. నా ఇంట్లో దిష్టి అన్న నోరు పడిపోను అని తననే తిట్టుకుంది. బాపయ్య గోడ పట్టుకుని మెల్లగా మంచం మీద కూలబడి, అక్కణ్ణుంచే గేటుకేసి చూసి, పోండ్రా అన్నాడు. బైకులు ఒక్కొక్కటే కదిలాయి. లక్ష్మీకాంత్ చెప్పులు వేసుకుని మెట్లు దిగాడు. ఖాళీ ఆటో వెనక్కి తిరిగింది.

"ఇది నా కూతురు. ఇకమీదట ఈ పిల్ల జోలికి ఎవడొచ్చినా ముందు నా మీదుగా రావాలి," అని రాఘవమ్మ వీధికి వినపడేలా చెప్పింది.

ఏ మాట కోసం పొద్దుటి నుంచీ మాధురి ప్రాణం కొట్టుకుంటోందో, ఆ మాట. అయినా ఆమె ఉన్నచోటు నుంచి కదలలేకపోయింది. నజీరా రాఘవమ్మకి జవాబు చెప్తున్నంతసేపూ ఆ మొహాన్నే చూసింది మాధురి. సెంటర్లో లేదు అని అబద్ధం ఆడినప్పుడు కూడా ఆ మొహం అచ్చం అలాగే ఉంది. సూటి చూపు. రెప్ప వేయలేదు.

రాఘవమ్మ భుజం మీదుగా నజీరా తలెత్తి స్నేహితురాలికేసి చూసింది. అప్పుడు వేసింది రెప్ప. కళ్ళలోంచి నీళ్ళు జారాయి. వసారాలో ఇంకా మిరపకాయల ఘాటు ఉంది కాబట్టి, ఆ కన్నీళ్ళని ఎవరూ పట్టించుకోలేదు.